రంగు తక్కువ: ఒక ఎంజైమూ, మన కథల భాషా

"పిల్ల అన్ని విధాలా బాగానే ఉంది గాని, కాస్త రంగు తక్కువ." ఈ మాట వినని తెలుగువాడు ఉండడు. ఏదో ఒక కథలో, ఏదో ఒక పాత్ర నోట ఈ మాట పెట్టని కథకులు కూడా అరుదే. అందరికీ అర్థమయ్యే మాట కాబట్టి దాని అర్థం ఏమిటని ఎవరూ ఆగి చూడరు. నల్లని మనిషి చర్మంలో రంగు తక్కువ కాదు, ఎక్కువ. రంగు తక్కువగా ఉన్నది తెల్లని చర్మంలో. శాస్త్రప్రకారం సరిగ్గా తలకిందులైన ఈ వాక్యాన్ని మనం తరతరాలుగా నిస్సంకోచంగా వాడుతున్నాం. కాన్పు తర్వాత పిల్ల "రంగు తేలింది" అంటాం; అంటే రంగు తగ్గిందని. పట్నంలో ఉండి వచ్చిన కుర్రాడికి "రంగు వచ్చింది" అంటాం. అంటే రంగు పోయిందని. తెల్లగా ఉన్నవాణ్ణి "ఎర్రగా బుర్రగా" ఉన్నాడంటాం. కాబట్టి మన వాడుకలో రంగు అనేది కంటికి కనిపించే వర్ణం కాదు. అది ఒక విలువ. పెళ్ళి సంతలో మారకానికి పనికివచ్చే విలువ. "రంగు తక్కువ" అన్న మాట వెనకనే "కట్నం ఎక్కువ" అన్న మాట రావటం ఇందుకే.

ఈ వ్యాసంలో నేను చెప్పదలచిన విషయం ఒక్కటే. చర్మానికి రంగునిచ్చే ఎంజైమును శత్రువుగా ప్రకటించి దానిమీదికి మందులు పంపే పరిశ్రమ ఒకటి ఇవాళ ప్రపంచమంతటా ఉంది. ఆ పరిశ్రమ శూన్యంలో పుట్టలేదు. నలుపు ఒక లోపమనే మాటను ముందు సమాజం అన్నది, దాన్ని సాహిత్యం అచ్చు వేసి చలామణీలో పెట్టింది, ఆ తర్వాతే రసాయన పరిశ్రమ దానికి మందు అమ్మింది. అందువల్ల ఈ ఎంజైము సంగతి తెలుసుకోవటం సాహిత్య విమర్శకు సంబంధం లేని పని కాదని నా వాదన. నేను రసాయనశాస్త్రం పాఠాలు చెప్పి బతికినవాణ్ణి కనక ఈ సంగతి కొంచెం విపులంగా చెబుతాను. సాహిత్య విద్యార్థులు ఓపిక పట్టాలి.

ఆ ఎంజైము పేరు టైరోసినేజ్. పేరు కొత్తదే గాని పని మనకు పాతదే. వంకాయ కోసిన ఆడవాళ్ళందరికీ దాని బంధువులతో పరిచయం ఉంది. కోసిన ముక్కలు నల్లబడకుండా ఉప్పునీళ్ళలో వేస్తారు. అరటికాయ ముక్కల్ని, అరటిదూటని మజ్జిగ నీళ్ళలో వేస్తారు. కత్తి తగలగానే కాయలోని కణాలు చిట్లి, విడివిడిగా ఉన్న ఎంజైమూ ఫినాల్ ద్రవ్యాలూ కలుస్తాయి. గాలిలోని ఆక్సిజన్ తోడై నల్లదనం పుడుతుంది. నీళ్ళు గాలిని ఆపుతాయి; మజ్జిగలోని పులుపు ఎంజైము జోరు తగ్గిస్తుంది. రావులపాలెం అరటి మార్కెట్టులో గెలలు మోసేవాళ్ళ చొక్కాలు చూడండి. ఆ మరకలు ఏ సబ్బుకూ పోవు. అరటి జిగటలో ఉన్న ఇదే రకం ఎంజైము గుడ్డమీద రాసిన రాత అది. మన సముద్రతీరపు మండలాల్లో రొయ్యల చెరువులు పెరిగాక మరో నలుపు కూడా మనకు పరిచయమైంది. పట్టిన రొయ్య ఐసులో పెట్టినా తలదగ్గర నల్లబడుతుంది. నల్లబడిన రొయ్యకు ఎగుమతి ధర పడిపోతుంది. అందుకని సల్ఫైటు నీళ్ళలో ముంచుతారు. 4-హెక్సైల్‌రిసార్సినాల్ అనే మరో రసాయనం కూడా రొయ్య నల్లబడకుండా ఆపటానికి పనికివస్తుంది. అదే రసాయనం ముఖానికి రాసే క్రీములలోనూ కనిపిస్తుంది. రొయ్యకూ ఆడపిల్లకూ ఒకే మందు, ఒకే కారణం: నల్లబడితే ధర తగ్గుతుంది. ఇది నా అతిశయోక్తి కాదు, ఇందులో నేను కల్పించిందేమీ లేదు.

టైరోసినేజ్‌ని మొదట గుర్తించింది కూడా మనిషిలో కాదు. 1895లో ఫ్రాన్సులో బూర్కెలో, బెర్‌ట్రాన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు, కోస్తే నల్లబడే ఒక పుట్టగొడుగులో దీన్ని పట్టుకున్నారు. దీని గుండెకాయ రెండు రాగి అణువులు. మనం తినే పప్పులో, చేపలో ఉండే టైరోసిన్ అనే సాధారణమైన అమైనో ఆమ్లాన్ని ఇది రెండు అంచెల్లో మార్చి డోపాక్వినోన్ చేస్తుంది. అక్కడినుంచి పని దాదాపు దానంతట అదే నడిచి మెలనిన్ అనే వర్ణకం తయారవుతుంది. చర్మపు పైపొర అడుగున ఉండే మెలనోసైట్ కణాలు ఈ మెలనిన్‌ను చిన్న చిన్న మూటలు కట్టి చుట్టూ ఉన్న కణాలకు పంచుతాయి. ఆ కణాలు దాన్ని తమ కేంద్రకం మీద గొడుగులా కప్పుకుంటాయి. ఎండలోని అతినీలలోహిత కిరణాలు కేంద్రకంలోని జన్యుపదార్థాన్ని చెడగొట్టకుండా ఆ గొడుగు కాపాడుతుంది.

ఇక్కడ గమనార్హమైన విషయం ఒకటుంది. నల్లవాళ్ళకు మెలనోసైట్లు ఎక్కువ, తెల్లవాళ్ళకు తక్కువ అనుకుంటారు. అది తప్పు. వాటి సంఖ్య అందరిలో ఇంచుమించు ఒకటే. తేడా అంతా ఎంజైము చురుకుదనంలోనూ, మెలనిన్ మూటల పరిమాణంలోనూ, పంపకంలోనూ ఉంది. అంటే తెల్లని చర్మంలో కూడా కార్ఖానా ఉంది. అది నెమ్మదిగా నడుస్తుంది, అంతే. 2013లో వెలువడిన ఒక పరిశోధనలో హైదరాబాదు సీసీఎంబీ శాస్త్రజ్ఞులు పాల్గొన్నారు. ఎస్‌ఎల్‌సీ24ఏ5 అనే జన్యువులో ఒక్క అక్షరం మారితే చర్మం తెల్లబడుతుంది. ఐరోపావారిలో ఉన్న ఆ మార్పూ మన దేశంలో ఉన్న ఆ మార్పూ ఒకే మూలం నుంచి వచ్చినవని ఆ పరిశోధనలో తేలింది. ఒక్క అక్షరం! దానిమీద మనం కట్టిన కోటలెన్ని! ఒకే కడుపున పుట్టిన అక్కచెల్లెళ్ళలో ఒకరికి ఆ అక్షరం దక్కి, మరొకరికి దక్కకపోతే, ఇద్దరి కట్నాల మధ్య ఎన్ని సెంట్ల కొబ్బరితోట తేడా వస్తుందో కోనసీమలో పెళ్ళి కుదిర్చిన పెద్దల్ని అడగండి.

ఎంజైమును ఆపే మందులు తయారు చెయ్యటం తప్పు కాదు. ఆధునిక వైద్యంలో సగం విజయాలు అవే. ఈ విషయంలో మన గోదావరి మనిషినే చెప్పుకోవాలి. టైరోసినేజ్‌ని కనిపెట్టిన 1895లోనే భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో పనిచేశాడు. ఆయన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. తర్వాత దానికి ఎదురు తిరిగే అమినాప్టెరిన్‌ను తయారుచేసి బోస్టన్‌లోని సిడ్నీ ఫార్బర్‌కు అందజేసింది. రక్త కాన్సర్‌తో చనిపోతున్న పసిపిల్లలకు దాన్ని ఇచ్చి, కొందరిలో జబ్బు తాత్కాలికంగానైనా వెనక్కు తగ్గిందని ఫార్బర్ 1948లో ప్రకటించాడు. ఆ మందు శరీరంలో ఏ ఎంజైమును పట్టుకుంటుందో ఆ తర్వాత తేలింది. ఎంజైమును గురిచూసి కొట్టడమంటే అదీ. ఎదురుగా చావు ఉంది, మధ్యలో ఎంజైము ఉంది. మరి టైరోసినేజ్ ఎదుట ఏముంది?

కొంత ఉన్నదనే మాట నిజాయితీగా చెప్పాలి. గర్భవతులకూ, ఎండలో పనిచేసేవాళ్ళకూ చెంపలమీద వచ్చే మంగుమచ్చలు ఉన్నాయి. కాలిన చోట, మొటిమలు మానిన చోట మిగిలే నల్లమచ్చలు ఉన్నాయి. వీటికి వైద్యుడి పర్యవేక్షణలో టైరోసినేజ్‌ను నెమ్మదింపజేసే మందులు వాడటం న్యాయమైన వైద్యమే. అభ్యుదయవాదం పేరుతో దాన్ని కూడా ఎగతాళి చేసేవాళ్ళతో నేను ఏకీభవించను. మంగు పడిన మనిషి తన ముఖం తనకు కావాలంటున్నది, మరొకరి ముఖం కాదు. కాని ఈ మందులు నిండిన దుకాణాలు నడిచేది మంగుమచ్చలవల్ల కాదు. పుట్టుకతో వచ్చిన ఆరోగ్యమైన చర్మాన్ని జబ్బుగా అమ్మటంవల్ల. అదీగాక, ఆ చర్మం కాపాడేవాటిలో మన సుబ్బారావు బృందం తయారుచేసిన ఫోలిక్ ఆమ్లపు వర్గం విటమినులు కూడా ఉన్నాయి. వెలుతురు తగిలితే రక్తంలోని ఫోలేటు నశిస్తుందని 1978లో గమనించారు. గర్భస్థ శిశువుకు అత్యవసరమైన ఈ విటమినును కాపాడటం నల్లని చర్మం చేసే పనుల్లో ఒకటని ఆ తర్వాత శాస్త్రజ్ఞులు ప్రతిపాదించారు. భూమధ్యరేఖకు దూరం కాని మన అక్షాంశంలో, మోకాటిలోతు నీళ్ళలో వంగి నాటువేసే ఆడకూలికి మెలనిన్ చేసే ఉపకారం ఏ ఇంటి కొబ్బరిచెట్టు నీడా చెయ్యదు. ఆ చెట్టు నీడ ఆమెది కాదు గదా.

ఈ మందుల పుట్టుక కూడా వర్గ చరిత్రలో భాగమే. 1930ల చివర అమెరికాలో ఒక తోళ్ళ కార్ఖానాలో పనివాళ్ళ చేతులకు తెల్లమచ్చలు వచ్చాయి. విచారిస్తే వాళ్ళు తొడుక్కునే రబ్బరు తొడుగుల్లో కలిపిన హైడ్రోక్వినోన్ జాతి రసాయనం కారణమని 1939లో తేలింది. కార్మికుడికి అది వృత్తిరోగం. కాని అదే పరిజ్ఞానం మరో చోట సరుకైంది. హైడ్రోక్వినోన్ క్రీములు ఆఫ్రికా ఖండంలో ఎంతగా వ్యాపించాయంటే, 1975లో దక్షిణాఫ్రికా వైద్యులు వాటివల్ల వచ్చే కొత్త వ్యాధిని వర్ణించవలసివచ్చింది. తెల్లబడాలని రాసుకున్న ముఖాలు నీలినలుపుగా మాడిపోయాయి. అక్కడి ప్రభుత్వం 1990లో ఆ క్రీములను నిషేధించింది. వర్ణవివక్షను చట్టం చేసుకున్న దేశంలో, ఆ చట్టం బతికివున్న కాలంలో, ఈ సరుకు అమ్ముడుపోవటంలో ఆశ్చర్యమేముంది?

అదే 1975లో మన దేశంలో హిందుస్తాన్ లీవర్ కంపెనీ ఫెయిర్ అండ్ లవ్‌లీ విడుదల చేసింది. అదే 1975లో రాజోలు ప్రాంతపు మామిడికుదురులో పుట్టిన బోయి భీమన్నకు "గుడిసెలు కాలిపోతున్నై" కావ్యానికి కేంద్ర సాహిత్య అకాడెమీ బహుమతి వచ్చింది. ఈ రెండింటికీ సంబంధం లేదనుకోవచ్చు. నాకు మాత్రం ఉన్నదనిపిస్తుంది. భీమన్న అంతకు చాలాముందే "పాలేరు" నాటకం రాశాడు. అందులో పాలేరు చదువుకుని పైకి వస్తాడు. క్రీము కంపెనీ ప్రకటన కూడా పైకి రావటం గురించిన కథే. కిందివాడు పైకి రావటానికి ఏం మారాలి అన్న ప్రశ్నకు అవి రెండు సమాధానాలు. ఒకటి సమాజాన్ని మారమంటుంది. రెండోది నీ తోలును మార్చుకొమ్మంటుంది.

ఆ ప్రకటనను కథగానే విమర్శించాలి. కొడుకు లేడని ఒక తండ్రి బాధపడతాడు. నల్లని కూతురు వింటుంది. క్రీము రాస్తుంది. తెల్లబడుతుంది. విమానంలో ఉద్యోగం వస్తుంది. తండ్రి సంతోషిస్తాడు. వస్తువు, సంఘర్షణ, మలుపు, ముగింపు అన్నీ ఉన్నాయి. ఈ శిల్పం కంపెనీవాళ్ళు కొత్తగా కనిపెట్టిందా? మన వారపత్రికల సీరియళ్ళు అంతకు ముందునుంచే ఇదే నమూనా మీద నడిచాయి. అక్కడ క్రీముకు బదులు ఒక దయగల కథానాయకుడు ఉండేవాడు, అంతే. నల్లపిల్లను పెళ్ళాడి ఆమెను ఉద్ధరించేవాడు. ఐద్వా మహిళలు ఫిర్యాదు చేసి పోరాడగా 2003లో ఈ జాతి ప్రకటనలు రెండు నిలిచిపోయాయి. సాహిత్య పత్రికల్లో ఆనాడు వాటిమీద ఎంత చర్చ జరిగిందని వెతికితే దొరికేది స్వల్పం. మహిళా సంఘం చదివినంత శ్రద్ధగా మన విమర్శకులు ఆ "కథ"ను చదవలేదు.

ఇంకో చిత్రమేమిటంటే, ఆ క్రీములో ప్రధానమని చెప్పుకున్న నియాసినమైడ్ ఈ ఎంజైమును ఆపదు. మెలనిన్ మూటల పంపకానికి కొంత అడ్డుతగులుతుందని 2002లో ఒక పరిశోధన చూపింది. కార్ఖానా నడుస్తూనే ఉంటుంది, లారీలు ఆగుతాయి. ఆ ప్రభావమైనా స్వల్పమే, తాత్కాలికమే. దాన్ని విమానం ఉద్యోగం దాకా సాగదీసింది కథ, రసాయనం కాదు.

2020లో అమెరికాలో నల్లవారి ఉద్యమం పెల్లుబికాక ఆ కంపెనీ "ఫెయిర్" తీసేసి "గ్లో" పెట్టింది. పెళ్ళి సంబంధాల సంస్థ ఒకటి తన పట్టికలోంచి చర్మపు ఛాయ గడిని తొలగించింది. ఆ ఏడాదే తెల్లబడే మందుల ప్రకటనలను 1954నాటి మంత్రమహిమల మందుల చట్టం కిందికి తెచ్చే ముసాయిదాను కేంద్ర ప్రభుత్వం ప్రకటించింది. మాట మారింది. "గ్లో"కు తెలుగులో నిగారింపు అనీ కాంతి అనీ రాస్తారు. ఏది నిగారించాలో చదివేవాళ్ళకు చెప్పనక్కర్లేదు.

ఇక మన ఇంటి సంగతి. వ్యాపార పత్రికల కథల్ని తిట్టటం సులభం. అభ్యుదయ కథలు ఈ విషయంలో ఏం చేశాయి? నేను గమనించిన రెండు రివాజులు చెబుతాను. మొదటిది: మన కథల్లో కూలివాడు నల్లగా ఉంటాడు. ఆ నలుపు చెమటతో నిగనిగలాడుతుంది; ఉక్కులాగో, తారులాగో, రాత్రిలాగో ఉంటుంది. కాని అతని కూతురు కథానాయిక అయ్యే సందర్భం వచ్చేసరికి, ఆ గుడిసెలో ఎట్లా పుట్టిందోగాని పసిమి ఛాయ! భూస్వామి కన్ను ఆమెమీద పడాలంటే ఆమె తెల్లగా ఉండితీరాలని రచయిత అనుకుంటాడు. నల్లని కూలి స్త్రీమీద భూస్వాములు చేసిన అత్యాచారాలకు చరిత్రలో లెక్కలేదన్న సంగతి ఆ రచయితకు తెలియదా? తెలుసు. అయినా కలం అలవాటు ప్రకారం నడుస్తుంది. రెండోది "అయినా" అనే అవ్యయం. "నల్లగా ఉన్నా కళగా ఉంది." "నలుపైనా కళ్ళు బాగుంటాయి." ఈ "అయినా" పాత్రది కాదు, రచయితది. నలుపుకు ఎదురుగా మరో గుణం చూపి లోటు భర్తీ చెయ్యాలనే లెక్క అందులో ఉంది. కట్నం లెక్క కూడా సరిగ్గా ఇదే. పెళ్ళిపెద్ద లోటును భూమితో పూడుస్తాడు, కథకుడు కళ్ళతో పూడుస్తాడు.

ఒకసారి ఒక డిగ్రీ విద్యార్థిని తన కథ నాకు చూపించింది. మూడు పెళ్ళిచూపులు తప్పిపోయిన పిల్ల కథ. మొదటి పేరాలోనే "నల్లగా ఉన్నా చక్కని పిల్ల" అని రాసింది. ఆ "ఉన్నా" కొట్టెయ్యమన్నాను. ఆ అమ్మాయి ఊరుకోలేదు. "అది తీసేస్తే వాళ్ళెందుకు కాదన్నారో చదివేవాళ్ళకి ఎలా తెలుస్తుందండి మాస్టారూ? మా ఊళ్ళో అలాగే అంటారండి," అన్నది. న్యాయమైన ప్రశ్న. వాస్తవికతను నమ్మే మనవంటి వాళ్ళకు అది ఎదురుదెబ్బలాంటి ప్రశ్న. సమాజంలో ఉన్న దురభిమానాన్ని రాయకుండా దాన్ని ఎట్లా విమర్శిస్తాం?

నేను చెప్పిందిది. రాయి. కాని ఎవరి నోట రాస్తున్నావో చూసుకో. వరుడి తల్లి అన్నదనుకో, అది వాస్తవం. పిల్ల మేనత్త సానుభూతితో అన్నదనుకో, అది ఇంకా గొప్ప వాస్తవం. ఎందుకంటే ఈ విషం ప్రేమ రూపంలోనే ఎక్కువగా ఇంట్లోకి వస్తుంది. సున్నిపిండి నలుగు పెడుతూ ఆ మాట అనే అమ్మమ్మను రాయి. కాని కథ చెప్పే గొంతు, పాఠకుడు నమ్మి చెవి ఒగ్గే గొంతు, ఆ మాట అన్నదంటే అది వాస్తవం కాదు, తీర్పు. "అయినా" పాత్రల నోట ఉంటే సాక్ష్యం. కథకుడి నోట ఉంటే ప్రకటన. ఆ అమ్మాయి కొంతసేపు ఆలోచించి, "అయితే మా మేనత్త చేత అనిపిస్తానండి," అన్నది. కథలో మేనత్త పాత్ర అంతకు ముందు లేదు. తర్వాతి ప్రతిలో వచ్చింది. కథలో అందరికంటే ఆవిడే ప్రాణంతో ఉన్నది.

దీనికి విరుగుడుగా కొందరు నలుపును ఆకాశానికెత్తుతారు. నల్లకలువ అనీ, నేరేడుపండు అనీ, నల్లనయ్య రంగు అనీ. "నలుపు నారాయణ మెచ్చు" అని సామెత చెబుతారు. నారాయణుడు మెచ్చుకున్నాడు సరే, నారాయణరావుగారు మెచ్చుకోలేదే! దేవుడికి నలుపు చెల్లుతుంది. ఆయనకు ఎవరూ కట్నం అడగరు. ఈ అలంకారాలు కూడా చర్మాన్నే మనిషికి మొదటి పరిచయం చేస్తున్నాయి. పొగిడినా తెగిడినా తూకం అదే.

మన సాహిత్యంలో రంగును తూకంగా కాక ఆయుధంగా పట్టుకున్నవాళ్ళు లేకపోలేదు. 1920ల తొలినాళ్ళలో గరిమెళ్ళ "మాకొద్దీ తెల్లదొరతనము" రాసి జైలుకు పోయాడు. ఆ కాలంలోనే రాజమండ్రికి చెందిన కుసుమ ధర్మన్న "మాకొద్దీ నల్లదొరతనము" రాశాడు. ధర్మన్న వైద్యుడు కూడా. తెల్ల, నల్ల అనే మాటలు రెండింటినీ ఆయన చర్మంనుంచి ఊడబెరికి అధికారానికి అంటించాడు. దొర ఎవడైనా దొరే, తోలు రంగు చూసి మోసపోవద్దని చెప్పటానికి ఆయనకు ఏ ఉపమా అలంకారమూ అక్కరలేకపోయింది. గోదావరి ఒడ్డున నూరేళ్ళకిందట వేసిన ఆ దారి ఉండగా మనం దబ్బపండు ఛాయల దగ్గర ఆగిపోవటం చిన్నతనం.

ఇది కేవలం భాషా చర్చ కాదు, చర్మానికి సంబంధించిన చర్చే అని గుర్తుచెయ్యటానికి మళ్ళీ ప్రయోగశాలకు వెళ్ళాలి. టైరోసినేజ్‌ను ఆపుతుందని పేరుపడ్డ పదార్థాల్లో చాలావాటిని పరీక్షించింది పుట్టగొడుగు ఎంజైము మీద. అది చౌకగా దొరుకుతుంది. మనిషి ఎంజైమును తయారుచేసి శుద్ధి చెయ్యటం కష్టం. 2018లో జర్మనీ శాస్త్రజ్ఞులు మనిషి ఎంజైమునే తీసుకుని 50,000 పదార్థాలను పరీక్షిస్తే, ఎంతోకాలంగా పేరుపొందిన అర్బుటిన్, కోజిక్ ఆమ్లం, హైడ్రోక్వినోన్ వంటివి దానిమీద బలహీనంగా పనిచేశాయి. పుట్టగొడుగుల్ని తెల్లబరచే మందుల్ని మనుషులు కొనుక్కున్నారన్నమాట. పనిచేసే మందు పనిచేస్తే ఏమవుతుందో జపాన్‌లో తేలింది. రోడోడెండ్రాల్ అనే పదార్థం 2008లో అక్కడి ప్రభుత్వ అనుమతి పొందింది. అది టైరోసినేజ్‌కు టైరోసిన్‌లా కనిపించి మోసగిస్తుంది. కాని ఎంజైము దాన్ని పట్టుకుని విషపదార్థంగా మార్చి, తనను కన్న కణాన్నే చంపుకుంది. కానెబో కంపెనీ 2013 జులైలో ఆ సరుకును వెనక్కి తీసుకునేసరికి ఆలస్యమైంది. పదిహేను వేలమందికి పైగా ముఖాన, మెడమీద, చేతులమీద తెల్లమచ్చలు తేలాయి. తెల్లబడటానికి కొన్నారు, తెల్లబడ్డారు, దుఃఖపడ్డారు.

మన దగ్గర ఇంత శాస్త్రీయంగా కూడా జరగదు. స్టెరాయిడు కలిపిన పూతమందును చీటీ లేకుండా మందుల షాపులో కొనుక్కుని నెలల తరబడి రాసుకుంటారు. మొదటి వారం ముఖం తేటపడుతుంది. తర్వాత చర్మం పలచబడి, నరాలు తేలి, ఎండ సోకితే మంటపుట్టే స్థితి వస్తుంది. ఆపితే ముఖం ఎగబాకుతుంది. 2018లో కేంద్ర ప్రభుత్వం ఇటువంటి పూతమందులను వైద్యుడి చీటీ ఉండితీరవలసిన జాబితాలో చేర్చింది. ఇక పాదరసం కథ వేరు. ఎంజైములోని రాగి ఉండవలసిన చోట పాదరసం దూరి దాని పని ఆపుతుంది. రక్తంలోకి ఇంకి మూత్రపిండాల మీద పడుతుంది. కేరళలోని మలప్పురం జిల్లాలో వైద్యులు 2023లో ఇట్లాంటి రోగుల్ని వరసగా చూసి, వాళ్ళు వాడిన తెల్లబరచే క్రీములే కారణమని గుర్తించారు. ఆ రోగుల్లో ఒక్కరి కథ అయినా మన భాషలో ఎవరైనా రాస్తే చదవాలని ఉంది. నాకు ఇంతవరకు కనపడలేదు.

అట్లాగే రాయని కథ మరొకటి కూడా ఉంది. అది బొల్లి వచ్చిన మనిషి కథ. బొల్లిలో శరీరం తన మెలనోసైట్లను తానే చంపుకుంటుంది. ఎంజైముతో సహా కార్ఖానా మూతపడుతుంది. చర్మం స్వచ్ఛమైన తెలుపుకు తిరుగుతుంది. క్రీముల పరిశ్రమ ఎంత కష్టపడినా సాధించలేని తెలుపు అది. మరి ఆ తెలుపుకు మన పెళ్ళి సంతలో ధర పలకాలి గదా? పలకదు. ఆ పిల్లను చూసి వచ్చినవాళ్ళు మంచినీళ్ళయినా తాగకుండా లేచిపోతారు. కుష్టుతో ఏ సంబంధమూ లేని, ఒకరినుంచి ఒకరికి అంటని ఈ స్థితిని తెల్లకుష్టు అని పిలుస్తారు. అంటే మన సమాజం కోరింది తెలుపును కాదు. నీడపట్టున పెరిగిందనే హామీని, ఎవరి చేలోనూ వంగలేదనే హామీని, ఫలానా ఇంటి పిల్ల అనే హామీని కోరింది. ఆ హామీ ఇవ్వని తెలుపు ఎంత తెల్లగా ఉన్నా దానికి అక్కరలేదు. చర్మమంతా బొల్లి వ్యాపించి అక్కడక్కడా మాత్రమే తమ రంగు మిగిలినవాళ్ళకు ఆ మిగిలింది కూడా పోగొట్టే మందు ఇస్తారు. అది ఆ తోళ్ళ కార్ఖానా తొడుగుల్లోని రసాయనమే. పుట్టినప్పటి రంగులో చివరి మచ్చ మోచేతి దగ్గరో చెవి వెనకో మిగిలినప్పుడు, దానిమీద ఆ మందు రాసుకునే మనిషి చెయ్యి ఏమాలోచిస్తుందో ఏ కథకుడూ నాకు చెప్పలేదు.